చిత్రకారుడు శ్రీ కలాల్ లక్ష్మాగౌడుగారు



వార్షిక మహాసభల సందర్భమున వెలువడు మన సంచికలలో పూర్వపురుషుల చరిత్రమును ఎవరో యొకరు వ్రాయుట ఆచారమైనది. సర్వాయి పాపన్నగారి పేరు లేని సంచిక యరుదు. గీతవృత్తివారి యింట బుట్టి, 1708వ సంవత్సరమున ఓరుగల్లు పట్టణముపై బడి, మొగలాయి ఉద్యోగులకు కంటిమీద కునుకు లేకుండ జేసి, 1710లో ప్రాణములర్పించిన యా వీరుని స్మరింపకుండుట కృతఘ్నత యగును. ఐనను ప్రతివత్సరము ఒక్క కథనే చెప్పుకొనుచున్నచో, మన చరిత్రము మూడువందల యేండ్ల క్రిందటనే ముగిసినదని పిల్లలనుకొందురు. కావున ఈసారి కత్తి పట్టినవానిని గాక సూది పట్టినవానిని గూర్చి వ్రాయబూనితిని. ఆయన చిత్రకారుడు శ్రీ కలాల్ లక్ష్మాగౌడుగారు.

మన భాషయందొక విశేషము గలదు. తాటిచెట్టును గీయుదుము, బొమ్మనుగూడ గీయుదుము. గీత యనగా మన వృత్తి. గీత యనగా కాగితముపై రేఖ. పండితులీ రెండింటికిని వేరువేరు వ్యుత్పత్తులు చెప్పిన జెప్పవచ్చును గాని, లక్ష్మాగౌడుగారి చిత్రములను జూచినవారికి ఈ రెండు మాటలు నొక్కటియే యనిపించుట సహజము.

ఆయన 1940వ సంవత్సరమున నాటి మెదకు జిల్లాలోని నిజాంపురమను పల్లెయందు జన్మించిరి. ఇంటిపేరగు కలాల్ శబ్దమును, పేరు చివరనున్న గౌడశబ్దమును మన వృత్తిని దెలుపునవే. మొదటిది హిందూస్థానీ మాట, రెండవది మన మాట. ఊరి పేరున నిజాము గలడు. ఆయనకు ఎనిమిదేండ్ల ప్రాయమున, 1948 సెప్టెంబరులో, ఆ నిజాము రాజ్యము భారతదేశమున గలిసెను. అంతవరకు తెలంగాణపు పల్లెవాడు ఒక్క దొరతనము క్రింద బ్రదికినవాడు కాడు. 1798 నాటి సంధి మొదలుకొని నిజాము నెత్తిపై ఆంగ్లేయుడుండెను. అతని రెసిడెంటు కోఠిలోని మహాసౌధమున గూర్చుండి రాజ్యమును కనిపెట్టుచుండెను. ప్రజల నెత్తిపై నిజాముండెను. గడీలోని దేశముఖును గూడ లెక్కించినచో ముగ్గురు దొరలు. మద్రాసు రాష్ట్రమునందలి ఆంధ్రసోదరులు తెల్లవాని పాలనను గూర్చి యొకరీతిగ జెప్పుకొన్న కథ మనయెడల మరియొక రీతిగ నుండుటకు కారణమిదియే.

గీతగాని జీవనమును జూడుడు. ఫసలీ 1316 నాటి ఆబ్కారీ శాసనము ప్రకారము సర్కారునకు పన్ను గట్టక చెట్టున కత్తి యానించుట నేరము. దుకాణములను గుత్తేదారులు వేలమున పాడుకొనుచుండిరి. మోకును ముత్తాదును కట్టుకొని, ప్రాణముల నరచేత బట్టుకొని చెట్టెక్కి లొట్టి దింపినవానికి మిగులునది కొంచెము. సర్కారు ఖజానాకు జేరునది మిక్కుటము. హైదరాబాదు రాజ్యపు ముఖ్యమైన రాబడులలో ఆబ్కారీ యొకటియై యుండెననుట అందరెరిగినదే. ఆ రాబడిని పుచ్చుకొన్నవారే కల్లు గీయువానిని నీచముగ జూచిరి. ఈ సంగతిని ముందు మరల ప్రస్తావింపవలసియున్నది.

బాల్యమున లక్ష్మాగౌడుగారు తోలుబొమ్మలాటలను, కుమ్మరుల మట్టిపనిని జూచుచు బెరిగిరి. తాటివనములు, ఈతవనములు, నల్లని గుండ్లబోడులు, మేకలు, పసుపు పూసికొన్న ముఖములపై రూపాయంత కుంకుమబొట్టు పెట్టుకొన్న స్త్రీలు – ఇవి యాయనకు మొదటి పాఠశాల. పిదప చదివిన పాఠశాలలేవియు దీనిని మాన్పింపలేదు.

ఇచ్చట నొక విషయము జెప్పక ముందునకు సాగజాలను. చిత్రకారుడన్నవాడు మన కులమునకు క్రొత్తవాడని కొందరు తలంచుచున్నారు. అది సరి కాదు. గౌడజెట్టీలు మనలనాశ్రయించి యుండువారు. వారు ఊరూర దిరిగి, మన పురాణమును, కంఠమహేశ్వరస్వామి మహిమను పాడునపుడు, మూరల కొలది పొడవుగల గుడ్డపటమును కొంచెము కొంచెముగా విప్పుచు కథను జూపుచుందురు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఎట్లో, మనకు గౌడజెట్టీలట్లు. ఆ పటములను వ్రాసినవారు చేర్యాల మున్నగు ఊళ్ల నకాషీలు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలిని, సుద్దను, బంకను కలిపి పూసి, ఆరనిచ్చి, ఎర్రని నేలపై బొమ్మలను వ్రాయుదురు. పటము చినిగినప్పుడు క్రొత్తది వ్రాయించుటకును, కథ చెప్పినవారికి కట్నమిచ్చుటకును మన పెద్దలు తమ కల్లు సొమ్మునుండి ధనమిచ్చిరి. రాజులు జమీందారులు మాత్రమే కళాపోషకులని పుస్తకములందు చదివినవారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. ఆ పటములలో గీతగాడు నాయకుడు. చెట్టెక్కువాడు దేవునితో మాటలాడును. మన వృత్తిని గౌరవముగ చిత్రించిన చిత్రములు మనకు చిరకాలమునుండి గలవు. ఐనను కాలక్రమమున మనమే వానిని చూచుట మానితిమి.

ఎందులకు మానితిమి? చిత్రకళ యనగా నేమో చెప్పుటకు మరియొకరు వచ్చిరి గనుక. 1850లో మద్రాసున, 1854లో కలకత్తాయందు, 1857లో బొంబాయియందు ఆంగ్లేయుల కాలమున చిత్రకళాశాలలు వెలసినవి. వానియందు ముఖ్యముగ నేర్పినదేమనగా, పారిసు ప్లాస్టరుతో బోసిన గ్రీకు విగ్రహముల యచ్చులను ముందుంచుకొని, నీడను వెలుతురును కొలిచి, ఉన్నదున్నట్లు దించుట. దేశీయుడు చేతిపనివాడు, కళాకారుడు గావలెనన్న సీమ పద్ధతిని నేర్వవలెను. ఆ పద్ధతిని నేర్చియు స్వదేశపు జాడను వెదకినవారు మన తెలుగువారిలో లేకపోలేదు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు (1897–1925) బొంబాయిలో జదివి వచ్చి, ఇరువదియెనిమిదేండ్లు నిండకయే గతించియు, గోదావరీతీరపు స్త్రీలను అమరులను జేసిరి. కరీంనగరు జిల్లావారగు పాకాల తిరుమలరెడ్డిగారు (1915–1996) అదే బొంబాయి కళాశాలనుండి వచ్చి హైదరాబాదున నూతన చిత్రకళకు బాట వేసిరి. వీరి కథలు వేరుగ వ్రాయదగినవి.

హైదరాబాదునందు ప్రభుత్వ చిత్రకళాశాల 1940లో, అనగా లక్ష్మాగౌడుగారు పుట్టిన యేటనే, స్థాపింపబడినది. అందే ఆయన చిత్రలేఖనమున డిప్లొమా పరీక్షలో 1963లో నుత్తీర్ణులైరి. ఆ కళాశాలయే 1972 పిమ్మట జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున జేరి, 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమునకు మూలమైనది.

అచ్చటినుండి బరోడా. 1963 మొదలు 1965 వరకు మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున కుడ్యచిత్రములను, అచ్చుచిత్రములను అభ్యసించిరి. గురువు కె. జి. సుబ్రహ్మణ్యన్ గారు (1924–2016). ఈయన మలయాళదేశమున బుట్టినవారు. 1942 ఉద్యమమున జైలునకు బోయినవారు. సర్కారు కళాశాలల తలుపులు మూయబడగా శాంతినికేతనమునకు జేరి నందలాల్ బోసు, వినోదవిహారి ముఖర్జీగార్ల యొద్ద విద్య నేర్చినవారు. పల్లెలోని బొమ్మలవాడును పట్టణములోని చిత్రకారుడును ఒకే కుటుంబమువారని ఆయన సిద్ధాంతము. మాట చెప్పి యూరకుండలేదు. 1963లో లక్నోలోని రవీంద్రాలయపు గోడకు మట్టిపలకలతో పెద్ద చిత్రమును గూర్చి చూపిరి. కుమ్మరివాని మట్టి కళాభవనపు గోడ నెక్కవచ్చునని తెలిసికొన్న శిష్యునకు, నిజాంపురమును దాచుకొనవలసిన యగత్యము తీరిపోయినది.

లక్ష్మాగౌడుగారు బరోడానుండి నిజాంపురమునకు తిరిగి వచ్చిరి. ఇది సామాన్యమైన సంగతి వలె దోచును గాని, నా యుద్దేశములో ఆయన జీవితమునకు కీలకమిదియే. ఆ కాలమున చదువుకొన్న పల్లెపిల్లవాడు తిరిగి రాడు. వచ్చినను పండుగకు వచ్చి పోవును. ఈయన వచ్చి చూచెను. పట్టణమున మాటలాడరాదనిన విషయములు పల్లెలో మాటలలో, పాటలలో, పరిహాసములలో నిర్భయముగ దొర్లుచుండుట చూచెను. స్త్రీపురుషుల కోరిక చాటుమాటు వ్యవహారముగాక, వాన, విత్తు, మేకలమంద, చెట్టు మొదలగువానితో కలిసిన యొక ప్రకృతిధర్మముగ నుండుట చూచెను. చూచినదానిని 1960, 1970 దశకములలో సిరాతోను, రేకుపైనను గీసెను. ఆ చిత్రములలో మనుష్యుడెక్కడ ముగియునో, మేక యెక్కడ మొదలగునో, చెట్టు వేరెక్కడ శరీరమగునో చెప్పలేము. వస్త్రములు తక్కువ. దాపరికము అంతకన్న తక్కువ.

ఆ రేకుపనిని గూర్చి కొంచెము వివరించెదను, ఏలయన అది మన పనికి మిక్కిలి దగ్గర. జింకు రేకుపై మైనము గలిసిన నల్లని పూతను పూయుదురు. సన్నని సూదితో ఆ పూతను మాత్రమే తొలగునట్లు గీయుదురు. పిమ్మట రేకును ఆమ్లమున ముంచగా, సూది పోయిన దారినంతటిని ఆమ్లము తినివేయును. ఎంతసేపు ముంచిన గీత యంత లోతు. ఎంత లోతైన అంత నలుపు. పూతను దుడిచి, గీతలలో సిరా నింపి, పైసిరాను గుడ్డతో దీసి, తడికాగితము పరచి, యంత్రమున నొత్తినచో చిత్రము వచ్చును. కుడి యెడమలు తారుమారగును గనుక గీయునపుడే తిరుగవేసి తలంపవలెను. క్షణకాలము ఏమరినచో ఆమ్లము పనినంతటిని పాడుచేయును. చెట్టును గీయువాడును ఇట్టి జాగ్రత్తతోనే బ్రదుకును: లోతుగ గీసిన చెట్టు చచ్చును, పైపైన గీసిన కల్లు రాదు, దినదినమును పొరవంటి చెక్కును మాత్రమే తీయవలెను. లక్ష్మాగౌడుగారి రేఖ వెంట్రుక వలె సన్నమైనది; వందల గీతలు పక్కపక్కన జేరి చర్మమగును, రాయియగును, తాటిబొత్తయగును. ఆ ఓపిక కళాశాలలో మాత్రమే నేర్చినది కాదని నేను నమ్ముచున్నాను.

ఇక అసలు సంగతికి వచ్చెదను. 2016లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించిన పిమ్మట, ఆయన పేరును మన వేదికలపై జెప్పుకొనుట హెచ్చినది. సంతోషమే. కాని ఆయన తొలిచిత్రములను జూడుడనిన కొందరు తల వంచుకొందురు. ఇంటిలో తగిలింపదగినవి కావందురు. బిరుదము మనది, బొమ్మలు మనవి కావనినట్లున్నది ఈ వైఖరి. ఆ సిగ్గు ఎచ్చటినుండి వచ్చినదో విచారించుట చరిత్రకారుని విధి.

పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని కాలమందలి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా వావిళ్లవారు ప్రకటించిరి. ఆంగ్లప్రభుత్వము దానిని అశ్లీలమని నిషేధించెను. తెల్లవాడు ఒక్కడే ఆ మాట యనలేదు. అంతకుముందే మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ కవయిత్రిని తీవ్రముగ గర్హించియుండిరి. పంతులుగారి సంఘసేవకు చేయెత్తి నమస్కరించువాడనే గాని, ఈ యొక్క విషయమున ఆయన పెట్టుకొన్నవి విక్టోరియా రాణి కాలపు కండ్లద్దములని చెప్పక తప్పదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ప్రధానమంత్రులుగ నుండగా ఆ నిషేధము తొలగినది. అనగా ఒక తెలుగు స్త్రీ వ్రాసిన తెలుగుకావ్యము సుమారు ముప్పదియైదేండ్లు తెలుగుదేశమున నేరముగ నుండెను. అదే కాలమున చిత్రకళాశాలలలో విద్యార్థులు దిసమొలనున్న గ్రీకు దేవతల అచ్చులను ముందుంచుకొని పరీక్షలు వ్రాయుచుండిరి! చలువరాతి దేహమునకు వస్త్రము లేకున్న నది కళ. గోచి కట్టి చెట్టెక్కువాని దేహము, రవికె లేని ముసలవ్వ దేహము మాత్రము అనాగరికము. ఈ కొలబద్ద యెవరిది?

మన వృత్తికిని ఇదే కొలబద్ద తగిలినది. సీమసారాయి తాగువాడు పెద్దమనిషి. కల్లు తాగువాడు తాగుబోతు. 1920 దశకమున, తరువాత 1930లో, జాతీయోద్యమము పేర కల్లుదుకాణముల యెదుట పికెటింగులు జరిగినవి. పెక్కుచోట్ల చెట్లనే నరికిరి. సదుద్దేశమే కావచ్చును. చెట్టు పోయినవాని పొయ్యి యెట్లు వెలుగునో విచారించినవారు తక్కువ. ఈ మహానగరమునందే 2004లో కల్లుదుకాణములు మూతపడి, 2014లో గాని మరల తెరువబడలేదు. ఆ పదియేండ్లు పాతబస్తీలోని మనవారు పడిన పాట్లు ఈ సంచిక చదువువారిలో పలువురెరిగినవే. పరాయివాడు వెడలిపోయినను వాని తూనికరాళ్లు మన యంగడిలోనే యుండిపోయినవి. లక్ష్మాగౌడుగారి చిత్రములు ఆ తూనికరాళ్లను పారవైచినవి. పల్లెదేహమును జాలితోగాని, వెక్కిరింతతోగాని, పట్టణవాసి వినోదార్థముగాని ఆయన గీయలేదు. లోపలివాడు చూచినట్లు చూచి గీసెను. ఆ చూపును జూచి సిగ్గుపడువాడు, తెలియకయే, గీతగానిని జూచి సిగ్గుపడినవాని ప్రక్కన నిలుచుచున్నాడు.

ఐనను ఒక్క మాట. ఆయన తొలిచిత్రములన్నియు సుఖప్రదములని నేను చెప్పను. కొన్నింట క్రూరత్వము గలదు. కొన్నింట స్త్రీ కేవలము కోరికకు స్థానముగ గనబడునని ఆక్షేపించువారి మాటలో కొంత బలము గలదు. అట్టి విమర్శ చిత్రమును చూచి చేయునది గనుక గౌరవింపదగినది. చూడకయే మూతపెట్టుటను గూర్చియే నా వాదము.

తరువాతి జీవితమును సంగ్రహముగ జెప్పెదను. హైదరాబాదు దూరదర్శన కేంద్రమున కొన్ని సంవత్సరములు చిత్రకారులుగ నుద్యోగము చేసిరి. పిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయమున 1988లో నెలకొన్న సరోజినీనాయుడు కళావిభాగమున అధ్యాపకులై, డీను పదవిని నిర్వహించి, 2001లో విరమించిరి. చిత్రములు ఢిల్లీలోని జాతీయ ఆధునిక చిత్రశాలయందును, అమెరికా రాజధానియగు వాషింగ్టనులోని ఫిలిప్స్ చిత్రశాలయందును జేరినవి. రానురాను నలుపుతెలుపుల స్థానమున రంగులు వచ్చినవి. కోరికల వేడి చల్లారి, ముఖములు ముందునకు వచ్చినవి. తలపాగ చుట్టిన పురుషుడు, ముక్కుపుడక ధరించిన భార్య, ఇరువురి నడుమ మేక – ఇట్టి జంటచిత్రములను జూచినవారు తమ యమ్మమ్మ తాతలను గుర్తుపట్టుదురు. అద్దముపై వెనుకనుండి వ్రాయు పాతకాలపు పద్ధతిని చేపట్టిరి. దానియందు కనుపాపయు బొట్టును ముందుగ వ్రాసి, ముఖపు రంగును తరువాత నింపవలెను. దిద్దుటకు వీలు లేదు. కాల్చిన మట్టితోను, కంచుతోను ముఖములు చేసిరి. కుమ్మరివామిని జూచి పెరిగిన పిల్లవాడు పండిన వయసున ఆ మట్టినే చేతబట్టెను.

గౌలిపురయందు మన సభ జరుగుచున్నది గనుక ఈ యూరివారికొక మాట మనవి చేయుదును. చిత్రశాలకు బోని వారికిగూడ లక్ష్మాగౌడుగారి లోకము క్రొత్తది కాదు. ఆషాఢమాసపు బోనాలలో లాల్‌దర్వాజ, గౌలిపుర, శాలిబండ వీధులలో దానిని ప్రతివత్సరము మీరు చూచుచునేయున్నారు. ఒంటినిండ పసుపు పూసికొని, నడుమున వేపమండలు గట్టుకొని, కొరడా ఝళిపించు పోతరాజునకు వస్త్రమెంత? పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి చెప్పునామె జుట్టు విరబోసికొనినదని ఎవరైన తప్పుపట్టుదురా? ఘటముల యూరేగింపు చార్మినారు ముందుగ నయాపూలునకు సాగునపుడు, పసిబిడ్డలనెత్తుకొని చూపుదుము గాని కన్నులు మూయము. వీధిలో దైవమైనది కాగితముపై దోషమెట్లగును?

కార్యవర్గమువారికి నాది మూడు విన్నపములు. సంఘభవనమున నాయకుల పటముల ప్రక్కన లక్ష్మాగౌడుగారి అచ్చుచిత్రమొకదానిని – తొలికాలపుదానినే – కొని తగిలింపవలెను. వైద్యమునకు, యంత్రశాస్త్రమునకు మనమిచ్చు విద్యార్థివేతనములలో నొకటి చిత్రకళ నభ్యసించు బాలునకో బాలికకో ప్రత్యేకింపవలెను. గౌడజెట్టీల పటములు ఏయే యూళ్లలో ఇంకను మిగిలియున్నవో విచారించి, శిథిలమైనవానికి మారుగ చేర్యాల నకాషీలచేత క్రొత్తపటమొకటి వ్రాయింపవలెను. దానికగు వ్యయమును భరింప నిచ్చగల పోషకులు సభ ముగియులోపల కోశాధికారిగారికి తమ పేళ్లనిత్తురుగాక.